నల్లజాతివారి పూసల కళ

1903వ సంవత్సరమున పశ్చిమాఫ్రికాయందలి లాగోసు నగరములో ఆంగ్ల గవర్నరు సర్ విలియం మక్‌గ్రెగరు ఎదుటికి ఒక వింత వివాదము వచ్చెను. యొరూబా దేశములో ఎలెపే అను నొక చిన్న పాలకుడు పూసలు కుట్టిన కిరీటమును ధరించుచున్నాడనియు, అతనికి అట్టి అధికారము లేదనియు వివాదము. సుంకమును గూర్చియో, సరిహద్దును గూర్చియో ఐనచో గవర్నరు తానే తీర్పు చెప్పియుండును. పూసల కిరీటమును గూర్చి తీర్పు చెప్పుట ఆయనకు శక్యము కాలేదు. అందుచేత యొరూబావారి మూలపీఠమైన ఇఫే నగరపు రాజును, ఊనీ ఒలుబుసేను, లాగోసునకు రావింపవలసి వచ్చెను. ఊనీ తన నగరము విడిచి బయటికి వచ్చుట అంతకు ముందు ఎవరును కని విని యెరుగని సంగతి. ఆయన వచ్చెను, ఎలెపేకు ఆ హక్కు లేదని చెప్పెను, తిరిగి వెళ్లెను. సామ్రాజ్యాధికారము అడుగు పెట్టలేని చోటు ఒకటి ఆ దేశమున మిగిలియున్నదని ఆనాడు తేలినది. ఆ చోటు సూదికొనయంతటి చిట్టి పూసలతో కట్టబడినది.

పూసకు ఇంత పెత్తనమా యని తెలుగువారు ఆశ్చర్యపడనక్కరలేదు. నల్లపూసలను మన ఇండ్లలో ఎంత భద్రముగా చూచుకొందురో ఎల్లరకు తెలిసినదే. ఒక సంగతిని మొదటినుండి తుదివరకు వరుస తప్పక చెప్పినవానిని పూసగుచ్చినట్లు చెప్పెనందుము. ఐనను మనలో పూస ప్రధానముగా మెడలోని వస్తువు. యొరూబావారిలో అది రాజ్యాంగములోని వస్తువు. పూర్వము అక్కడ పూసలతో నిండిన వస్త్రములను, పరికరములను రాజవంశీయులును, దేవతల పూజారులును, సోదె చెప్పు పెద్దలును మాత్రమే వాడవలెను. రాజు కిరీటము కోసుగా, పొడవుగా ఉండును. బుట్టవలె అల్లిన చట్టమునకు బట్ట బిగించి, దానిమీద పూసల సరములను వరుసలు వరుసలుగా కుట్టుదురు. ముందువైపున గుడ్లు మిటకరించిన మానవముఖములు తీర్తురు. అవి వంశకర్తయైన ఓదుదువా మొదలగు పూర్వుల ముఖములందురు. శిఖరమున పక్షులు వ్రాలియుండును. అంచునుండి పూసల సరములు జాలరువలె క్రిందికి వ్రేలాడి రాజు ముఖమును కప్పివేయును. ఆ తెర వెనుక నున్నవాడు ఆ క్షణమున ఫలానా వ్యక్తి కాడు. తరతరముల రాజులందరును అతడే. ఆ కిరీటము లోపలికి తొంగిచూచుట రాజునకు సైతము నిషిద్ధము. దానిని కుట్టువారు ప్రత్యేక కుటుంబములవారు. ఎఫోన్ అలాయే వంటి పట్టణములు ఈ పనికి ప్రసిద్ధి గాంచినవి.

ఈ పూసలు ఎక్కడివి అను ప్రశ్న చాలకాలము ఒక విచిత్రమైన సమాధానముతో సరిపుచ్చబడినది. 1910లో జర్మను పండితుడు లియో ఫ్రొబేనియసు ఇఫేకు వచ్చి, అచ్చటి మట్టిబొమ్మలను, లోహశిరస్సును చూచి, ఇంతటి శిల్పము నల్లవారి చేతిది కాజాలదని నిశ్చయించుకొని, సముద్రమున మునిగిపోయినదని గ్రీకులు కథలు చెప్పుకొను అట్లాంటిసు ద్వీపమునకు దానిని అంటగట్టెను. ఇఫేలో దొరకిన గాజు తునుకలు సైతము విదేశములనుండి వచ్చినవేయని పలువురు తలచిరి. శతాబ్దము గడచిన పిమ్మట, 2011, 2012 ప్రాంతమున నైజీరియా పురావస్తు శాస్త్రజ్ఞుడు అబిదెమి బాబలోలా ఇఫేలోని ఇగ్బో ఒలోకున్ అను పవిత్రవనమున త్రవ్వకములు జరిపెను. పన్నెండువేలకు పైగా గాజుపూసలును, గాజు కరిగించిన మూసల ముక్కలును, గాజుచిట్టెమును బయటపడినవి. కాలము క్రీస్తు శకము 11 నుండి 15 శతాబ్దముల నడుమ. సున్నమును అల్యూమినాయును అధికముగా గల ఆ గాజు ఐరోపా గాజు కాదు, అరబ్బుల గాజు కాదు. పశ్చిమాఫ్రికాలోనే, స్థానికముగా దొరకు ముడిసరకుతో చేసినది. ఐరోపా ఓడ ఒకటియు ఆ తీరమునకు రాకముందే ఇఫేవారు గాజును కాచి పూసలు చేసిరన్నమాట. అట్లాంటిసు వాదమునకు ఇంతకంటె మర్యాదగా సమాధానము చెప్పుట కష్టము.

నైజీరియా 1960లో స్వతంత్రమైన పిమ్మట కొలది సంవత్సరములకే ఈ రాజచిహ్నము మరియొక చేతికి వచ్చినది. ఓసోగ్బో పట్టణమున నాటకసంఘములో దీపముల పని చూచుచున్న జిమో బురైమో అను యువకుడు 1964లో అక్కడ జరిగిన చిత్రకళా శిక్షణలో పాల్గొని, రంగులకు బదులు పూసలను పలకమీద అతికి చిత్రములు వ్రాయ మొదలిడెను. కిరీటముమీద నుండవలసిన పూస గోడమీది చిత్రపటములోనికి వచ్చుటకు ఎవరి అనుమతి పత్రమును అక్కరలేకపోయెను.

ఆఫ్రికాకు తూర్పున, దక్షిణమున కథ వేరు. అటువైపు పూసలు హిందూ మహాసముద్రము దాటి పోయినవి. దక్షిణ భారతదేశమున పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో క్రీస్తు పూర్వపు కాలము నుండియు గాజును సన్నని గొట్టముగా లాగి, ముక్కలుగా కోసి పూసలు చేయు పని జరిగినది. ఆ పద్ధతి ఆంధ్రదేశమున శ్రీకాళహస్తికి చేరువనున్న పాపానాయుడుపేటలో ఇరువదవ శతాబ్దము వరకును బ్రతికియుండుట చూచి పండితులు ఆశ్చర్యపడిరి. కరగిన గాజు ముద్దను లాడ అను బోలు ఇనుప గొట్టమునకు పట్టించి, కొలిమిలో నుంచి, ముద్ద నడుమ రంధ్రము నిలుచునట్లు చేసి, కొలిమి నోటియొద్ద ఒకడు ఆ గాజును తీగవలె చేతులు మార్చి మార్చి లాగుచుండును. తీగ తెగరాదు, లావు మారరాదు. పిమ్మట దానిని నలుసులుగా కోసి, రంధ్రములు మూసికొనకుండ బూడిదతో కలిపి, మరల వేడిచేసి అంచులు నునుపు చేయుదురు. పాపానాయుడుపేట పూసలే వేయియేండ్ల క్రిందట ఆఫ్రికా చేరినవని చెప్పరాదు. ఐతే ఈ విధముగా లాగి చేసిన దక్షిణాసియా గాజుపూసలు అక్కడికి చేరినవనుట నిస్సంశయము. గాజులోని ద్రవ్యములను పరీక్షించి శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి.

లింపోపో, షాషే నదులు కలియుచోట మపుంగుబ్వే అను కొండ యున్నది. క్రీస్తు శకము 13వ శతాబ్దమున అది ఒక రాజ్యమునకు రాజధాని. 1930 తరువాత అచ్చటి రాజసమాధులలో బంగారు ఖడ్గమృగమును, వేలకొలది గాజుపూసలును దొరకినవి. బంగారమును, ఏనుగుదంతమును ఇచ్చి తెచ్చుకొన్న పూసలవి. కొండ చెంతనే అంతకు పూర్వపు ఊరొకటి కలదు. పురావస్తు శాస్త్రజ్ఞులు దానికి కే-2 అని పేరిడిరి. అక్కడివారు సముద్రము మీదుగా వచ్చిన చిన్న నీలపు పూసలను ఉన్నవి ఉన్నట్లు గుచ్చుకొని ఊరకుండలేదు. మట్టి అచ్చులలో వాటిని పోసి, కరగించి, తమకు నచ్చిన ప్రమాణమున పెద్ద పూసలుగా మార్చుకొనిరి. ఆ మట్టి అచ్చులు నేటికిని మిగిలియున్నవి. తెల్లవర్తకులు తరువాతి కాలమున వ్రాసికొన్న లెక్కలలో ఆఫ్రికావారు గాజుపెంకులకు మురిసి సర్వస్వము ధారపోయు అమాయకులుగా కనుపింతురు. అవే లెక్కలు శ్రద్ధగా చదివినచో వేరొక సంగతియు తెలియును. ఈ ఊరివారికి ఎరుపు కావలెను, ఆ ఊరివారికి తెలుపు కావలెను. రంగు తప్పినను, పరిమాణము తప్పినను సరకు కదలదు. కొనువాని అభిరుచిని గూర్చి అమ్మువాడు మొరపెట్టుకొన్నచోట అమాయకుడెవడో పాఠకులే ఊహింపవచ్చును.

ఐనను ఈ బేరములో దాచరాని పాపమొకటి యున్నది. అట్లాంటికు తీరమున బానిసల వర్తకము సాగిన శతాబ్దములలో మనుష్యునకు కట్టిన వెలలో గవ్వలును, తుపాకులును, సారాయియు, ఇనుపకడ్డీలును ఉండినట్లే వెనిసు నగరపు గాజుపూసలును ఉండెను. మన కోరమాండలు తీరమున నేసిన బట్టలును ఆ బేరములో చెల్లినవి. ఐరోపా కంపెనీలు వాటికి గినీ బట్టలనియే పేరు పెట్టెను. నేసినవానికి ఆ బట్ట ఎక్కడికి పోవునో తెలియదు. తెలిసినవారు లెక్క వ్రాసికొనిరి.

వెలగా చెల్లిన ఆ పూసను, వెలకు అమ్ముడుపోయినవారి సంతతివారు తిరిగి చేతబట్టిన తీరు చూడవలెనన్నచో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమునకు పోవలెను. లూసియానా దేశమునకు బానిసల ఓడలు 1719లో రాసాగినవి. అక్కడ బానిసలకు ఆదివారము కొంత విరామము లభించుచుండెను. ఊరి వెనుకనున్న మైదానమున వారు చేరి, తమ తమ దేశముల డోళ్లు వాయించుచు ఆడి పాడుచుండిరి. నేడది కాంగో చతురస్రమని ప్రసిద్ధము. యజమానులను విడిచి పారిపోయినవారు చుట్టుప్రక్కల చిత్తడి అడవులలో తలదాచుకొనిరి. అట్టివారికి ఆ నేల ఆదివాసులు అన్నము పెట్టి ఆశ్రయమిచ్చిరని నల్లవారి ఇండ్లలో తరతరములుగా చెప్పుకొందురు. ఆ ఋణము తీర్చుకొనుటకే ఉపవాస దినములకు ముందు వచ్చు మార్డీ గ్రా పండుగనాడు ఆదివాసి నాయకుల వేషము ధరింతుమని వారనెదరు. 1880ల నాటి బెకాటే బతీస్తు అను నాయకుని పేరు ఈ సంప్రదాయమునకు ఆదిగా చెప్పబడును. 1884, 1885 శీతకాలమున ఆ నగరమున ఆడిన బఫెలో బిల్లు ప్రదర్శనను చూచి ఈ వేషములు నేర్చిరని కొందరు పండితుల మతము. రెండును కొంత నిజమై యుండవచ్చును. చూచినది ఎక్కడనైనను, ఋణము మాత్రము ఇంటి మాట.

ఆ కాలమున ధనికులైన తెల్లవారి ఊరేగింపులు పెద్ద వీధులలో సాగుచుండెను. నల్లవారికి వాటిలో చోటు లేదు. వీరు తమ వాడల వెనుక వీధులలో తిరిగిరి. ఈ దళములలో ముందుగా పోయి త్రోవ చూచువాడొకడు, జెండా మోయువాడొకడు, అందరికి వెనుక పెద్దనాయకుడు. పగలెల్ల రేవులోనో, ఇండ్ల నిర్మాణములోనో కూలిపని చేసి వచ్చిన మగవారు రాత్రి వంటయింటి బల్లయొద్ద కూర్చుండి సూది దారములు పట్టుదురు. ఒక వేషమునకు ఏడాది పట్టును. ఎదమీదను, నడుము క్రిందను వ్రేలాడు పలకలపై చిట్టిపూసలతో చిత్రములు కుట్టి, చుట్టును ఉష్ట్రపక్షి ఈకలు కూర్తురు. కొన్ని వేషములు 45 కిలోగ్రాముల పైచిలుకు తూగును. ఎగువ వాడలవారు పూసలతో కథలు చిత్రింతురు. దిగువ వాడలవారు చమ్కీలతో, గట్టి అట్టలతో ఎత్తుపల్లములు గల శిల్పమువంటి నిర్మాణములు చేయుదురు. ఒకసారి వేసిన వేషము మరుసటి యేడు వేయరాదు. విప్పి, పూసలు ఏరుకొని, మరల మొదటినుండి కుట్టవలెను.

పూర్వము రెండు దళములు వీధిలో ఎదురుపడినచో కత్తులు, గొడ్డళ్లు బయటికి వచ్చుచుండెను. ఆ పోరును సూదిపోరుగా మార్చినవాడు ఆలిసన్ మోంటానా. టూటీయని అందరును పిలిచెడివారు. 1922లో జన్మించిన ఈయన బెకాటే బతీస్తు వంశమువాడే. గోడలకు లోపల లోహపు పట్టీలు బిగించు పని ఆయన వృత్తి. కట్టడము ఎట్లు నిలుచునో ఎరిగిన ఆ చేయి వేషములను గోపురములవలె నిలబెట్టినది. ఎవరు బలవంతులో కాదు, ఎవరు సుందరముగా వచ్చిరో చూడుడని ఆయన పందెము వేయగా తక్కినవారికి ఆ దారి పట్టక తప్పినది కాదు. 52 సంవత్సరములు ఆయన వేషము కుట్టెను. 1987లో అమెరికా ప్రభుత్వపు కళానిధి ఆయనను జానపద కళాకారునిగా సత్కరించెను.

పోలీసువారి చూపు మాత్రము మారలేదు. 2005వ సంవత్సరము మార్చి 19, సెయింట్ జోసెఫు పండుగ రాత్రి, వేషములతో కూడిన జనమును పోలీసులు చెదరగొట్టిరి. ఆ సంగతి విచారించుటకు జూన్ 27వ తేదీన నగర పాలక మండలి సమావేశమైనది. 82 యేండ్ల టూటీ లేచి నిలిచి, తాను చిన్ననాటి నుండి చూచిన దౌర్జన్యములను చెప్పుచు, ఇది ఇకనైన ఆగవలెనని పలికి, అక్కడనే కుప్పకూలెను. సభలోనున్న నాయకులు తమ ప్రార్థనాగీతమును ఎత్తుకొనిరి. ఆయన మరల లేవలేదు. రెండు నెలలకు కత్రీనా తుఫాను వచ్చి ఆ వాడలను ముంచివేసినది. కుట్టి దాచుకొన్న పూసలు, ఈకలు ఎన్నియో ఆ నీటిలో పోయినవి. మరుసటి మార్డీ గ్రాకు, ఇండ్లు లేనివారు సైతము, కొందరు వేషములతో వీధిలోనికి వచ్చిరి.

వీధిలో ఫోటోగ్రాఫర్లకు కొరతలేదు. ఏడాదిపాటు తమ సొంత సొమ్ముతో కుట్టిన వేషము పుస్తకములమీదను, గోడపత్రికలమీదను అచ్చుపడి అమ్ముడుపోవుచుండగా కుట్టినవానికి కానియైన దక్కదు. అమెరికా చట్టము ప్రకారము దుస్తులు వాడుక వస్తువులు. వాటికి గ్రంథస్వామ్యము చెల్లదు. 2010 ప్రాంతమున ఒక న్యాయవాది సలహాపై కొందరు నాయకులు తమ వేషములను శిల్పములుగా నమోదు చేయింప మొదలిడిరి. ఇది తొడుగుకొను అంగీ కాదు, నడచి వచ్చు విగ్రహము అనుట వారి వాదము. కచేరీలలో పనిచేయువారికి ఇందలి రుచి వెంటనే తెలియును. ఒక మాట ఏ పద్దు క్రింద వ్రాయబడునో దానినిబట్టి ఒక మనిషి హక్కు నిలుచును, పోవును.

వస్తుప్రదర్శనశాలలలో జరిగినదియు ఇదే. ఐరోపా, అమెరికాల మ్యూజియములలో ఆఫ్రికా పూసల పని జంతువుల ఎముకలు, విల్లంబులు ఉంచు విభాగములలో చేరినది. చీటీమీద తెగ పేరుండును, శతాబ్దముండును. కుట్టిన మనిషి పేరుండదు. చిత్రకారుని పేరు లేని తైలవర్ణ చిత్రము కనబడినచో పండితులు గ్రంథములు వ్రాసి వాని నెవరో కనుగొందురు. పూసలు కుట్టినవారెవరని అడిగినవారు మిక్కిలి అరుదు. చేతిపని, కళయను రెండు మాటల నడుమ గీచిన గీత పనితనమును చూచి గీచినది కాదు.

ఆ గీతను దాటినవారిలో న్యూ ఆర్లియన్సువాడే డిమాండ్ మెలాన్‌సన్. యంగ్ సెమినోల్ హంటర్స్ దళమునకు 2012 నుండి పెద్దనాయకుడైన ఈయన, 2017లో వేషములతోపాటు కాన్వాసుమీద పూసలతో నల్లవారి ముఖచిత్రములు కుట్ట మొదలిడెను. చరిత్రగ్రంథములు విడిచిపెట్టిన మనుష్యులపై ఈయనకు ఎక్కువ మక్కువ. 1830లలో చేయి పోగొట్టుకొని, చిత్తడి అడవులలోనికి పారిపోయి, యజమానులను గడగడలాడించి 1837లో చంపబడిన బ్రా కూపే అను బానిస ఈయన పూసలలో కనబడును. ఇందులో లాభముతోపాటు ఒక నష్టమును కలదు. వేషము ఏటేట విప్పబడి క్రొత్తదగును. వీధిలో చెమటతో, పాటతో కలిసి అది జీవించును. కాన్వాసు అమ్ముడుపోయి గోడమీద నిలిచిపోవును. ట్రెమే వాడలో సిల్వెస్టరు ఫ్రాన్సిసు అను నతడు విప్పివేయబోవు వేషములను సేకరించి 1999లో ఒక చిన్న ప్రదర్శనశాలను పెట్టినప్పుడును ఈ చిక్కే యెదురైనది. కాపాడిన వేషము మరల కదలదు. ఐనను కాపాడనిచో మనుమలకు చూపుటకు ఏమియు మిగులదు.

బాల్టిమోరు నగరమున జాయిస్ జె. స్కాటు మరియొక మార్గమున నడచినది. 1948లో జన్మించిన ఈమె తల్లి ఎలిజబెత్ టాల్‌ఫర్డ్ స్కాటు దక్షిణ కరొలైనాలో కౌలు సేద్యగాండ్ర ఇంట పుట్టి, పాతగుడ్డలతో బొంతలు కుట్టి కళాకారిణిగా పేరొందిన స్త్రీ. కుమార్తె సూది పట్టుట తల్లియొద్ద నేర్చెను. 1976లో ఆదివాసి కళాకారిణియొద్ద ఒక కుట్టు పద్ధతి నేర్చినది. దానిచే బట్టయు, చట్టమును అవసరము లేకుండ, పూసను పూసకే కట్టి నిలువగల ఆకారములు చేయవచ్చును. ఆ పద్ధతితో ఈమె మెడలో వేసికొను హారములును, మనిషంత శిల్పములును చేసినది. మెరయు రంగులు చూచి దగ్గరకు పోయినవారికి ఉరిచెట్టుకు వ్రేలాడు శరీరము కనబడును. తెల్లబిడ్డను పెంచుచు తన బిడ్డను విడిచియుండవలసిన దాది కనబడును. అందముతో పిలిచి, పిలిచిన పిమ్మట చెప్పవలసినది చెప్పుట ఈమె తీరు. 2016లో మెకార్థర్ సంస్థ వారి గౌరవము లభించినది. 2024లో బాల్టిమోరు కళాప్రదర్శనశాలవారు ఈమె అర్ధశతాబ్దపు కృషినంతయు ఒకచోట చేర్చి ప్రదర్శించిరి.

పూస చివరకు బయలుదేరిన తీరమునకే తిరిగి వచ్చినది. దక్షిణాఫ్రికాలోని క్వాజులు నాటాలు రాష్ట్రమున దర్బానుకు ఉత్తరమున, ఒకప్పటి చెరకుతోటలో, 1999లో ఎన్‌తోంబెఫీ ఎన్‌తోబెలా, బెవ్ గిబ్సన్ అను ఇద్దరు స్త్రీలు కలిసి ఉబూహ్లే అను సంఘమును స్థాపించిరి. ఉబూహ్లే యనగా ఆ భాషలలో అందము. తల్లులయొద్ద, అమ్మమ్మలయొద్ద పూసపని నేర్చిన స్త్రీలకు ఇంటిపట్టున కూలి దొరకవలెనని మొదట ఉద్దేశము. వారు పెరిగిన ఊళ్లలో ఆడవారు కట్టు నల్లబట్టను చట్టమునకు బిగించి, దానిని చిత్రకారుని పటమువలె చేసికొని, అంగుళమైనను వదలక పూసలతో నింపిరి. దీనిని ఎన్‌ద్వాంగో అందురు. ఒక్కొక్కదానికి పది నెలలు పట్టుటయు కలదు. వంటయు, పిల్లలును, నీటి బిందెయు నడుమనే ఆ పని. ఎయిడ్సు వ్యాధియు తదితర రుగ్మతలును ఆ సంఘమును పట్టి పీడించినవి. 2006 తరువాతి కొలది యేండ్లలో ఐదుగురు కళాకారిణులు పోయిరి. మిగిలినవారు పోయిన అక్కచెల్లెండ్రను తలచుకొనుచు కుట్టసాగిరి.

2013లో ఈ వస్త్రములు వాషింగ్టను నగరమున నల్లజాతివారు నివసించు అనకోస్టియా పేటలోని ప్రదర్శనశాలకు చేరినవి. ఏ తెగవారు కుట్టిరో, ఏ శతాబ్దముదో మాత్రమే చెప్పు పాత చీటీలు అక్కడ లేవు. ప్రతి వస్త్రమునకు కుట్టిన స్త్రీ పేరు వ్రాసియుండెను. వారిలో కొందరు అప్పటికి జీవించి లేరు.